పడమటి ఎండ ఎక్కడ పడుతుంది?

(ఇంజినీర్ల దినం సందర్భంగా కర్నూలు జిల్లా కల్లూరులో ఇచ్చిన విశ్వేశ్వరయ్య స్మారక ఉపన్యాస పాఠం)

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరులో ఉన్న ఊరు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఆ ప్రాంతం అటు చేరింది. కాబట్టి ఈ గడ్డ మీద ఆయన్ని తలచుకోవడం మర్యాద కోసం చేసే పని కాదు, ఇంటివాణ్ణి తలచుకోవడమే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. వరద నష్టం నగరంలో జరిగింది. ఆయన చెప్పిన ముఖ్యమైన పరిష్కారం మాత్రం నగరానికి ఎగువన ఉంది: నీటిని వచ్చే దారిలోనే ఆపి, నెమ్మదిగా వదలాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచి పుట్టినవే. వచ్చినది ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఎక్కడ పడింది, ఎటు పారింది, ఎక్కడ నిలిచింది అని వెంటపడి అడిగే పద్ధతి అది. ఈ రోజు ఆ ప్రశ్ననే నీటి గురించి కాక ఎండ గురించి అడగాలనుకుంటున్నాను. రాయలసీమలో మనకు కరువు లేని సరుకు అదొక్కటే కదా. అద్దాల భవనానికి బయట మరో పొర తొడిగినప్పుడు ఆ ఎండ ఎక్కడ పడుతుందో కంప్యూటరు ఎలా లెక్క కడుతోంది, ఆ లెక్కను మనం ఎంతవరకు నమ్మవచ్చు అన్నది నా విషయం.

భవన నిర్మాణంలో డబుల్ స్కిన్ ఫసాడ్ అనే దాన్ని ఇక్కడ జంటగోడ అంటాను. లోపల ఒక అద్దపు గోడ, దానికి అడుగో మూడడుగులో ఎడంగా బయట మరో అద్దపు గోడ, మధ్యలో గాలి ఆడే సందు. ఇది చలిదేశంలో పుట్టింది. జర్మనీలోని గీంగెన్‌లో ష్టైఫ్ బొమ్మల కర్మాగారానికి 1903లోనే ఇలాంటి రెండు పొరల అద్దపు గోడ కట్టారు. పనివాళ్లకు వెలుతురు కావాలి, వెచ్చదనం పోకూడదు. చలికాలపు పేద ఎండను పట్టి దాచుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. లె కార్బూజియే పారిస్‌లో సాల్వేషన్ ఆర్మీ కోసం కట్టిన ఆశ్రయ భవనం 1933లో తెరుచుకుంది. రెండు అద్దాల మధ్య చల్లార్చిన గాలిని నడపాలన్నది ఆయన మొదటి ఊహ. డబ్బు చాలక ఒక అద్దమే మిగిలింది, అదీ తెరవడానికి వీల్లేకుండా బిగించినది. మొదటి వేసవికే లోపలున్నవాళ్లు ఉడికిపోయారు. తర్వాత కిటికీలు తెరిచారు, ఇంకా తర్వాత బయట ఎండను అడ్డే పలకలు కట్టారు. పారిస్ వేసవికే ఆ గతి పట్టిందంటే కర్నూలు మే నెల మాట వేరే చెప్పనక్కర్లేదు. అయినా జంటగోడ మనకు పనికిరాదని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. పడమటి గోడకు రెండో పొర మనకే ఎక్కువ అవసరమని, అయితే అది ఏ పొర అన్నది ఎండ లెక్క సరిగ్గా కడితేనే తేలుతుందని నా వాదన.

ఆ లెక్క మన ఆకాశంతో మొదలవ్వాలి. కర్నూలు అక్షాంశం దాదాపు 15.8 డిగ్రీలు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది. జూన్ 21న నడినెత్తికి ఏడున్నర డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరు 21న దక్షిణాన 51 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. కాబట్టి మన దక్షిణపు గోడకు ఎండ బాధ చలికాలంలోనే. యూరపు పుస్తకాల్లో జంటగోడ ఎక్కువగా దక్షిణానికి తొడుగుతారు, మనకు ఆ అవసరమే లేదు. మార్చి, సెప్టెంబరు సమరాత్రుల్లో మధ్యాహ్నపు సూర్యుడు 74 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నాలుగడుగుల కిటికీని అప్పుడు నీడలో ఉంచడానికి అడుగుకు కొంచెం పైన సజ్జ చాలు. ఇక పడమర చూడండి. మే 20 ప్రాంతంలో సౌరకాలం సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో, పడమటి గోడ ముఖానికి దాదాపు ఎదురుగా నిలబడతాడు. అదే నాలుగడుగుల కిటికీకి పూర్తి నీడ కావాలంటే సజ్జ ఆరడుగులు ముందుకు రావాలి. అంత సజ్జ ఏ మేస్త్రీ పొయ్యడు, పోసినా ఐదింటికి ఎండ దాని కింద నుంచి దూరుతుంది. పడమటి ఎండకు అడ్డం నిలబడగలిగేది నిలువు పొర ఒక్కటే. మన ఊళ్లలో పడమటి అరుగు ముందు తడిక కట్టినవాళ్లకు ఈ త్రికోణమితి చేతిపనిగానే తెలుసు.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరికి వద్దాం. భవనం తాగే కరెంటును ముందే అంచనా కట్టే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి: విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ట్రాన్‌సిస్, స్ట్రాత్‌క్లైడ్ నుంచి వచ్చిన ఇఎస్‌పి-ఆర్, అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్. ఇవన్నీ ఎండను మూడు రూపాల్లో చూస్తాయి. సూర్యుడి నుంచి సూటిగా వచ్చే కిరణం ఒకటి. ఆకాశమంతా పరుచుకుని, నేల మీద నుంచి కూడా తిరిగి వచ్చే చెదిరిన వెలుగు రెండోది. ఎండను పీల్చి వేడెక్కిన వస్తువు తిరిగి వెదజల్లే దీర్ఘ తరంగాల వేడి మూడోది. అద్దం మొదటి రెండింటికీ దారి ఇస్తుంది, మూడోదానికి గోడలా అడ్డం పడుతుంది. అద్దాల గదిలో వేడి చిక్కుకునేది అందుకే. కిటికీల అమ్మకందారు ఇచ్చే కాగితంలో ఈ మూడింటినీ కలిపిన ఒకే అంకె ఉంటుంది, దాన్ని ఎస్‌హెచ్‌జిసి అంటారు: పడిన ఎండలో ఎంత భాగం చివరికి లోపలి వేడిగా మారుతుందన్న నిష్పత్తి. మామూలు ఆరు మిల్లీమీటర్ల తెల్ల అద్దానికి అది 0.8 పైచిలుకు. ఆ అంకె కిరణం అద్దానికి నిలువుగా తగిలినప్పటిది. 74 డిగ్రీల వాలుగా తగిలితే లోపలికి పోయేది దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది, మిగతాది ఎక్కువగా వెనక్కి తిరుగుతుంది. అంటే దక్షిణపు గోడ విషయంలో ఆ అంకె ఎక్కువ భయపెడుతుంది, పడమటి గోడ విషయంలో ఉన్నదున్నట్టు చెబుతుంది. ఒక్క పొర ఉన్నంతవరకు దీన్ని కోణం ప్రకారం సవరించుకోవచ్చు. రెండు పొరలై, మధ్యలో మనిషి పట్టేంత సందు ఉంటే కథ మారుతుంది.

ఇక్కడ కొంచెం నిదానంగా నడవాలి, ఎందుకంటే తప్పంతా జరిగేది ఈ సందులోనే. సందును ఒక చిన్న గదిగా భావించి నమూనా తయారు చేయడం చాలామంది చేసే పని, అలా చేస్తేనే అందులో గాలి నడకను చూపించగలం. ఎనర్జీప్లస్‌లో లోపలికి వచ్చిన ఎండను పంచే పద్ధతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: కిటికీలోంచి గదిలోకి వచ్చిన సూటి కిరణమంతా నేల మీదే పడిందని అనుకుంటుంది. నేల కొంత పీల్చుకుంటుంది, మిగిలింది చెదిరిన వెలుగుగా మారి గోడలన్నిటికీ సమంగా పంచబడుతుంది. పన్నెండడుగుల గదికి ఈ ఊహ సహేతుకమే, కిటికీ ఎండ మామూలుగా నేల మీదే పడుతుంది కదా. రెండడుగుల సందుకు ఇదే ఊహ వర్తిస్తే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. ఇందాకటి మే సాయంత్రమే తీసుకుందాం, సూటి కిరణపు తీవ్రత చదరపు మీటరుకు 700 వాట్లు అనుకుందాం. కోణాన్ని బట్టి పడమటి గోడ మీద పడేది దాదాపు 570. బయటి తెల్ల అద్దం నూటికి 78 పాళ్లు వదిలితే సందులోకి వచ్చేది 445. సందు వెడల్పు 60 సెంటీమీటర్లు, అంతస్తు ఎత్తు మూడున్నర మీటర్లు. సందు దాటేలోపు కిరణం దిగేది 40 సెంటీమీటర్లే. అంటే పదింట తొమ్మిది పాళ్ల ఎండ నేలను ముట్టకుండా నేరుగా లోపలి అద్దానికే తగులుతుంది, చదరపు మీటరుకు సుమారు 395 వాట్లు. నేల మీదే పడిందన్న ఊహ ప్రకారం అయితే నేల నూటికి 60 పాళ్లు పీల్చేస్తుంది, మిగిలిన 178లో సగం బయటి అద్దం వైపు పోతుంది, లోపలి అద్దానికి అందేది 90 కూడా ఉండదు. ఒకే గోడ, ఒకే సూర్యుడు, ఒకే సాయంత్రం. ఒక ఐచ్ఛికం మార్చినందుకు లోపలి అద్దం మీది ఎండ నాలుగింతలకు పైగా తేడా వచ్చింది. నేల పీల్చిన వేడిని సందులోని గాలి మోసుకుపోతుందని అదే నమూనా చెబుతుంది కాబట్టి, కాగితం మీద ఆ భవనం ఎంతో చల్లగా, ఏసీ యంత్రం చిన్నగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి కొన్న యంత్రం మొదటి మే నెలలోనే చేతులెత్తేస్తుంది.

ప్రోగ్రాము మోసం చేసిందని దీని అర్థం కాదు. కిరణాన్ని నిజంగా వెంబడించి ఏ గోడ మీద ఎంత పడిందో లెక్క కట్టే ఐచ్ఛికం కూడా అందులోనే ఉంది. దానికి ఒక షరతు: ఆ గది లోపలికి మడతలు లేని కుంభాకార ఆకారంలో ఉండాలి. భవనం మూల తిరిగిన సందును అలా ఒకే గదిగా తీసుకోవడం కుదరదు, ముక్కలు చేయాలి. ఇంకో దారి కూడా ఉంది. రెండు అద్దాలనూ మధ్య గాలినీ కలిపి ఒకే కిటికీలోని పొరలుగా భావించడం. 2003లో వచ్చిన ఐఎస్ఓ 15099 ప్రమాణం ఆ మార్గంలోనిది. ఎండ ఒక పొర దాటి మరో పొరకు తగిలి, మధ్యలో అటూ ఇటూ ప్రతిఫలించే సంగతిని ఇది శ్రద్ధగా పట్టుకుంటుంది. రెండంతస్తుల ఎత్తు సందులో పైన ఎక్కువ వేడి, కింద తక్కువ వేడి ఉంటాయన్న సంగతి మాత్రం దీనికి సరిగ్గా అందదు. ఒక దారి గాలిని చూసి ఎండను తప్పుతుంది, మరో దారి ఎండను చూసి గాలిని తప్పుతుంది. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం ఆవరణలో ‘ది క్యూబ్’ అనే పరీక్షా గృహం కట్టి, దాని జంటగోడను కొలిచి, ఆ కొలతలకు ఎదురుగా వేరువేరు ప్రోగ్రాముల ఫలితాలను నిలబెట్టారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆధ్వర్యంలో జరిగిన పని అది. ఏ ఒక్క నమూనా కూడా అన్ని సందర్భాల్లోనూ కొలతలతో నిలకడగా సరిపోలేదు. జాగ్రత్తగా పనిచేసిన నిపుణుల చేతుల్లోనే అలా జరిగిందంటే, టెండరు గడువు దగ్గరపడిన కన్సల్టెంటు చేతిలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. లోపలి అద్దానికి ఎండ తగిలితే తగలనివ్వండి, సందు పైనా కిందా తెరిచి ఉంచితే వేడిగాలి తనంతట తానే పైకి లేచి వేడిని తీసుకుపోతుంది కదా అంటారు. పొగగొట్టం సూత్రం నిజమే, దాని బలం ఎంతో చూడాలి. ఆరు మీటర్ల ఎత్తు సందులో గాలి బయటి కంటే పది డిగ్రీలు వేడిగా ఉంటే పుట్టే ఒత్తిడి దాదాపు రెండు పాస్కల్‌లు. సెకనుకు రెండు మీటర్ల పిల్లగాలి గోడకు తగిలితే పుట్టే ఒత్తిడీ అంతే. అంటే పైకి లేవాల్సిన గాలిని ఒక చిన్న తెమ్మెర కిందికి తిప్పేయగలదు. సందులో గాలి నడక ఇంత సున్నితమైనది కనుకే అక్కడి లెక్కలు అంతగా తప్పుతాయి. పైగా అది తెచ్చే గాలి ఏపాటి చల్లనిది? బయట 42 డిగ్రీలున్నప్పుడు సందు గాలి 42కు తగ్గదు. లోపలి గదిని 26 దగ్గర ఉంచాలనుకున్నప్పుడు గోడకు ఆనుకుని యాభై డిగ్రీల గాలిని నడపడం మేలు కాదు. చివరి మాట, చాలామంది మరిచేది: గాలి మోసుకుపోయేది పొరలు పీల్చిన వేడినే. లోపలి అద్దం దాటి గదిలో పడిన ఎండను ఏ గాలీ వెనక్కి తేలేదు. కాబట్టి మొదట ఎండను పట్టుకోవాలి, గాలి తర్వాతి సంగతి.

రెండో అభ్యంతరం నిబంధనల వైపు నుంచి వస్తుంది. ఇంధన పొదుపు భవన నియమావళి ఉంది, ఆంధ్రప్రదేశ్ 2014లోనే దాన్ని అమల్లోకి తెచ్చింది, అద్దాలకు పరిమితులు అందులోనే ఉన్నాయి, వాటిని పాటిస్తే చాలదా? పాటించడం తప్పనిసరే, అది కనీస మెట్టు. 2017 నాటి జాతీయ నియమావళి మన వాతావరణాల్లో ఉత్తరం కాని దిక్కుల కిటికీలకు ఎస్‌హెచ్‌జిసి 0.27 మించకూడదంది. ఉత్తరపు కిటికీకి మాత్రం 15 డిగ్రీల అక్షాంశానికి పైనున్న ఊళ్లకు 0.50 దాకా వెసులుబాటు ఇచ్చింది, కిందున్న ఊళ్లకు 0.27 అనే ఉంచింది. ఆ గీత మన సీమ మధ్యలోంచే పోతుంది. కర్నూలు, నంద్యాల దానికి పైన. ప్రొద్దుటూరు, కడప దానికి కింద. దేశానికంతటికీ ఒకే పట్టిక రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, తప్పు పట్టను. కానీ వేసవి మూడు నెలలూ కర్నూలు ఉత్తరపు గోడ మీద పడే ఎండకు ఆ గీత సంగతి తెలియదు. గీతకు ఒక డిగ్రీ లోపునే పైనున్న ఊరిలో వెసులుబాటు వాడుకోబోయే ముందు గంటగంటకూ ఎండ ఎంత పడుతుందో చూసుకోవాలి. పట్టిక చెప్పలేనిది, సిమ్యులేషన్ చెప్పగలిగేది అదే. దాన్ని సరిగ్గా నడిపితేనే.

ఇలా ఎండ వెంట నడిచి చూస్తే మన పడమటి గోడకు బయటి పొర అద్దం కాకూడదని నాకు స్పష్టంగా కనిపిస్తోంది. సూటి కిరణాన్ని బయటే విరిచి, చెదిరిన వెలుగును మాత్రం లోపలికి పంపే చిల్లుల గోడ, అంటే జాలీ, కావాలి. హైదరాబాదులో సిఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ అక్కడ జాలీ గోడలను ఇష్టపడి వాడారు. జాలీ లెక్క కాగితం మీదే వేసి చూపవచ్చు. పది సెంటీమీటర్ల చదరపు చిల్లులు, గోడ మందం కూడా పదే, ముఖంలో సగం చిల్లు అనుకోండి. మే 20న సౌరకాలం నాలుగింటికి చిల్లులోకి దూరిన కిరణం అవతలికి చేరేలోపు దాదాపు ఏడు సెంటీమీటర్లు కిందికి, రెండున్నర పక్కకు జరుగుతుంది. చిల్లు వైశాల్యంలో పావు వంతు నుంచే సూటి ఎండ దాటుతుంది. గోడ మొత్తానికి చూస్తే నూటికి పన్నెండు. ఐదింటికి అది ఇరవై మూడు అవుతుంది, అప్పటికి ఎండ తీవ్రతా తగ్గుతుంది. బయటి అద్దం నూటికి 78 వదిలిన చోట జాలీ 12 వదిలింది. చిల్లుల లోపలి ముఖాలకు తగిలి చెదిరి వచ్చేది కొంత కలుస్తుంది, రంగు లేతగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. పీల్చుకున్న ఎండతో జాలీ కూడా వేడెక్కుతుంది, కిటికీ వైపు ఆ వేడిని వెదజల్లుతుంది, నిజమే. అందుకే నల్లటి కడప బండ ఇక్కడ వద్దంటాను. ఆ బండ మనకు ఎంత ప్రియమైనదైనా నేలకు, అరుగుకు, మెట్టుకు ఉంచుకుందాం. జాలీకి లేత రంగు రాయి, సున్నం పూసిన ఇటుక మేలు. దుమ్ము సంగతి కూడా ఉంది. బయటి అద్దం మీద సీమ దుమ్ము పేరుకుంటుంది, శుభ్రమైన అద్దానికి కట్టిన లెక్క నెల తిరక్కుండానే మారుతుంది, కడగడానికి నీళ్లు కావాలి. జాలీ దుమ్ము పట్టినా తన పని తాను చేస్తూనే ఉంటుంది.

వెలుతురు తగ్గుతుందని, బయటికి చూడటానికి వీలుండదని అద్దాన్ని కోరుకునేవాళ్లు అనే మాటలో న్యాయముంది. ఆసుపత్రి మంచం మీది మనిషికి కిటికీలోంచి కనిపించే చెట్టు విలువ ఏ వాట్లకూ అందదు. దానికి నా జవాబు దిక్కును బట్టి ఉంటుంది. దక్షిణాన మంచి సజ్జతో, ఉత్తరాన చిన్న నిలువు పలకలతో పెద్ద కిటికీలు ఉంచుకోవచ్చు. జాలీ పడమరకు, తూర్పుకు. అన్ని దిక్కులకూ ఒకే అద్దం తొడిగిన భవనమే అసలు చిక్కు. సూర్యుడు నాలుగు దిక్కులనూ ఒకేలా చూడడు. మిద్దె ఇల్లు కట్టిన పాతకాలపు మేస్త్రీకి ఇది తెలుసు. మందపాటి రాతి గోడలు, చిన్న కిటికీలు, వెలుతురుకు మిద్దె పైన గవాచి, ఎండ వైపు చప్పరం. ఆ ఇళ్లకే తిరిగి పొమ్మనడం లేదు. వాటిలో వేడి రాత్రి దాకా గోడలోనే నిలిచేది, గాలి చాలేది కాదు, ఆడవాళ్లు చీకటి వంటింట్లో మగ్గిపోయారు. అయితే ఏ దిక్కున ఏ పొర అన్న వివేకం వాటిలో ఉంది. ఆ వివేకాన్ని అంకెల్లో పరీక్షించి చూసే వీలు మనకే మొదటిసారి దొరికింది.

ఇంత లెక్క కల్లూరు లాంటి చోట కట్టే మూడంతస్తుల భవనానికి దేనికని అడిగేవారికి ఒప్పుకునే మాట ఒకటి చెబుతాను. సజ్జకూ జాలీకీ కంప్యూటరు అవసరం లేదు, కోణాలు చాలు. కంప్యూటరు అవసరమయ్యేది ఎవరైనా రెండో అద్దం పెడదామన్నప్పుడే. ఆ మాట అన్నవారిని మూడు ప్రశ్నలు అడగడం యజమాని హక్కు: సందులోకి వచ్చిన సూటి ఎండ ఏ ముఖం మీద పడిందని మీ నమూనా అనుకుంది? లోపలి అద్దం దాటిన తర్వాత దాన్ని సూటి ఎండగానే ఉంచిందా, చెదిరిన వెలుగుగా మార్చేసిందా? గాలి నడకను సగానికి తగ్గించి చూస్తే ఏసీ భారం ఎంత పెరిగింది? మూడింటికీ నోటిమాట కాకుండా కాగితం మీద జవాబు రావాలి. మూడో దానికి జవాబు లేకపోతే ఆ జంటగోడ ఆమోదానికి ఇంకా సిద్ధం కాలేదు.

నమూనాకు తినిపించే వాతావరణం మాట చెప్పి ముగిస్తాను. ఏసీ ఇంజినీర్ల సంఘం ఇష్రే వారు తయారుచేసిన గంటగంట వాతావరణ ఫైళ్లలో కర్నూలుది కూడా ఉంది, అది మన అదృష్టం. ఫైలు భారత ప్రామాణిక కాలంలో నడుస్తుంది, సూర్యుడు తన కాలంలో నడుస్తాడు. మన రేఖాంశం 78 డిగ్రీలు, ప్రామాణిక రేఖాంశం 82.5. మే నెలలో కర్నూలు మిట్టమధ్యాహ్నం గడియారంలో 12 గంటల 14 నిమిషాలకు వస్తుంది, ఇందాక నేను చెప్పిన నాలుగు గంటల ఎండ గడియారంలో 4:14ది. కాలమండలం తప్పుగా నమోదైతే సూర్యుడి ఎత్తు 33 నుంచి 19కి మారిపోవచ్చు, జాలీ పన్నెండు వదిలే చోట ఇరవై మూడు వదిలినట్టు కనిపిస్తుంది. ఇలాంటి ఫైళ్లలో ఎండ అంకెలు చాలావరకు మబ్బుల లెక్క నుంచి అంచనా కట్టినవి, గోడ మీద కొలిచినవి కావు. ఇక్కడికి దగ్గరలో గని, శకునాల గ్రామాల నేల మీద 2017లో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు మొదలైంది. దాదాపు ఆరు వేల ఎకరాల్లో పలకల మీద పడే ఎండకు లెక్క ఉంది, ఎందుకంటే అది డబ్బు. గోడ మీద పడే ఎండ కూడా డబ్బే, కాకపోతే మన జేబులోంచి పోయే డబ్బు. కల్లూరులో పడమటి ముఖం ఉన్న ఏదైనా ఒక ప్రభుత్వ భవనం గోడకు ఎండ తీవ్రతను కొలిచే పైరనోమీటర్లు రెండు బిగిద్దాం: ఒకటి జాలీ బయట, ఒకటి జాలీకీ కిటికీకీ మధ్య. ఒక ఏప్రిల్, ఒక మే పూర్తిగా ప్రతి పది నిమిషాలకూ అంకె రాసుకుందాం. గడియారంలో మూడున్నర నుంచి ఆరు దాకా వచ్చే అంకెలను విద్యార్థుల చేతికిద్దాం. నమూనా తమదని చెప్పుకునేవారు ఎవరైనా తమ ఫలితాన్ని వాటి పక్కన పెట్టవచ్చు.